పాతరలో కెమెరా

ఆ పొద్దున శేషిరెడ్డి వేసుకున్న పథకం చాలా చిన్నది. గంజి కేంద్రానికి వెళ్ళాలి, గరిటె పట్టుకోవాలి, పేదవాడి ముంతలో గంజి పోస్తున్నట్టు ఫోటో దిగాలి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలి. గంజి సర్కారుది, గరిటె సర్కారుది, పేదవాళ్ళు ఆ ఏడు ఎక్కడ చూసినా దొరుకుతున్నారు. రెడ్డి పెట్టవలసింది తన ముఖం ఒక్కటే. దానికి మాత్రం ఆయన ఏ లోటూ చేయలేదు. మీసాలకు నూనె రాశాడు, పెట్టె అడుగునున్న పట్టంచు పంచె తీసి కట్టాడు, అద్దంలో దయగా చూడడం కాసేపు సాధన చేశాడు.

కోసిగికి రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊరిలో అందరికంటే పెద్ద మిద్దె ఆయనది. అందరికంటే చిన్న చెయ్యి కూడా ఆయనదే. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. శేషిరెడ్డి చెయ్యి కడుక్కున్నాక కూడా తోలడు, కాకి అలవాటు పడుతుందని. అటువంటి మనిషికి ప్రజాసేవ మీద మనసు పోయింది. కర్నూలు రాజధాని అయింది, గుడారాల్లో ఆఫీసులు వెలిశాయి, ఎన్నికలు ఇవాళో రేపో అంటున్నారు. టికెట్ కావలసినవాళ్ళు తాము ప్రజలకు ఏం చేశారో చూపించాలని పార్టీ పెద్దలు కబురు పెట్టారు. చేయాలని వాళ్ళు అనలేదు, చూపించాలనే అన్నారు. రెడ్డికి ఆశ పుట్టింది అక్కడే.

ప్రజలకు చేయాలనుకుంటే చేయడానికి ఆ ఏడు కొదవేమీ లేదు. వరసగా రెండో ఏడు వానలు ఎగ్గొట్టాయి. జొన్నచేలు మోకాలెత్తు కూడా లేవకుండా మాడిపోయాయి. ఒంట్లో సత్తువ ఉన్న కూలీలు మూటలు కట్టుకొని రాయచూరు వైపు, బళ్ళారి వైపు పోతున్నారు. పోలేనివాళ్ళు చావిడి దగ్గర సర్కారు గంజి కోసం వరసలో నిలబడుతున్నారు. ఆ మధ్య తాసిల్దారు వచ్చి, పాతర్లలో జొన్నలున్న రైతులు ఊరికి కొంత బదులిమ్మని బతిమాలాడు. అందరికంటే ముందు లేచింది శేషిరెడ్డే.

"ఉరుకుంద ఈరన్న సాచ్చిగా సెప్తాండా సార్. నా పాతర్లో ఎలక పడితే ఆకలికి సస్తాది" అన్నాడు. అనడమే కాదు, చావిడి ఎదురుగా ఉన్న తన పాతర మూత తీయించి, ఒక్కొక్కరినీ వంగబెట్టి దాని అడుగు చూపించాడు. మూతి మనిషి దూరేంత, కడుపు గదంత ఉండే ఆ గోతిలో నిజంగానే ఒక్క గింజ లేదు.

ఆయన చూపించనిది రెండో పాతర. అది ఇంటి వెనక గొడ్ల కొట్టంలో, గాడి పక్కన, చొప్ప మోపుల కింద ఉంది. దానిలో మనిషి లోతుకు మించి జొన్నలున్నాయి. ధర ఇంకా ఎక్కాక రాయచూరు తోలాలని ఆయన ఆలోచన. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, రెడ్డి, ఆయన భార్య సుబ్బరత్నమ్మ. రోజూ ఆ కొట్టంలోనే గొడ్లకు మేత వేసే జీతగాడు గిడ్డయ్యకు తెలుసో లేదో ఎవరూ అడగలేదు.

ఇక కెమెరా. అది రెడ్డి తండ్రినాటిది. రైలు కంపెనీ తెల్లదొర ఒకడు తన దేశం పోతూ పోతూ ఇచ్చాడట. స్నేహానికి గుర్తుగా ఇచ్చాడని ఇంట్లోవాళ్ళు, పొట్టేలుకు మారుగా ఇచ్చాడని ఊళ్ళోవాళ్ళు చెప్తారు. మూత తెరిస్తే మడతలు మడతలుగా ముందుకు చాచుకొచ్చే తోలు తిత్తి, దాని కొసన అద్దం. ముప్పై ఏళ్ళుగా అటక మీద పడి ఉండడంతో తిత్తిని ఎలుకలు నాలుగు చోట్ల కొరికాయి. అద్దానికి బూజు పట్టింది. మీట నొక్కితే అప్పుడు ఏమీ కాదు. మనం ఆ సంగతి మరిచిపోయాక టిక్కుమంటుంది.

"ఆదోనిలో ఫోటోలు తీసే ఆయప్ప ఉండాడు గదా. పిలిపిస్తే ఒక పూటలో తీసిపోతాడు" అంది సుబ్బరత్నమ్మ. ఆమెది కమలాపురం దగ్గర పుట్టిల్లు. మెట్టినింటికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా మంచి మాట చెప్పే దురలవాటు మానుకోలేదు.

"వానికి బండి కట్టాల, కూడు పెట్టాల, పైన దుడ్లియ్యాల. ఇంట్లో కెమెరా పెట్టుకోని ఊరోళ్ళను పిల్సే కర్మ నాకేంది?" అన్నాడు రెడ్డి.

మరమ్మతు ఆయనే చేశాడు. ముందుగా ఆముదం పోశాడు. బండి ఇరుసు నుంచి పిల్లల కడుపునొప్పి దాకా ఆముదానికి లొంగనిది లేదని ఆయన సిద్ధాంతం. మీట జిడ్డుకు పూర్తిగా అతుక్కుపోయింది. కిరసనాయిలుతో కడిగాడు, అది కదిలింది. సంతోషం పట్టలేక మళ్ళీ ఆముదం పోశాడు. అద్దాన్ని చింతపండు పెట్టి తోమబోతుంటే సుబ్బరత్నమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. తిత్తి చిల్లులకు మైదా బంకతో నల్లగుడ్డ అతికించాడు. బంకను బొద్దింకలు తిన్నాయి, గుడ్డను ఎలుకలు పట్టుకుపోయాయి. చివరికి కత్తెర తీసుకొని గోడకు వేలాడుతున్న గొడుగు దగ్గరికి నడిచాడు.

"అది మా నాయన కొనిచ్చిన గొడుగు!" అని సుబ్బరత్నమ్మ అరిచింది.

"వానలే ల్యాకపాయె. గొడుగెందుకు నీకు?" అంటూ ఆయన దానిని ఒలిచేశాడు. గొడుగు గుడ్డ ముక్కలు, మైనం, దీపం మసి కలిసి తిత్తికి అంటుకున్నాయి. మిగిలిన గొడుగు చువ్వలను సుబ్బరత్నమ్మ మళ్ళీ అదే మేకుకు తగిలించింది. అప్పటి నుంచి ఆ గోడ వైపు చూసినప్పుడల్లా ఆమె ముఖంలో ఏదో కదిలేది. రెడ్డి ఆ వైపు చూడలేదు గనుక ఆయనకు తెలియలేదు. ఆదోని అంగట్లో ఫిల్ము చుట్ట ఒక్కటే దొరికింది. ఇంకొకటి కావాలంటే మద్రాసు నుంచి రావాలన్నారు.

ఆ విధంగా అన్నీ సిద్ధం చేసుకొని శేషిరెడ్డి చావిడికి వచ్చాడు. కెమెరా మీట నొక్కే బాధ్యత గిడ్డయ్యది. "నేను మీసం దువ్వి సెయ్యి దించినాక నొక్కాల. ముందు నొక్కితే తోలు వలుస్తా" అని దోవ పొడుగునా బోధించాడు. తాసిల్దారు మధ్యాహ్నానికి వస్తాడు. అసలు ఫోటో ఆయన పక్కన దిగాలి. ఈలోగా గరిటెతో ఒకటి రెండు తీసి చెయ్యి సాగదీసుకుందామని రెడ్డి అనుకున్నాడు.

వరసలో మొదట ఉన్నది ఉరుకుందమ్మ. నోరు కాస్త పెద్దది, ముంత చిన్నది. మొగుడు మూట కట్టుకొని సిద్ధంగా ఉన్నాడు. లేవలేని అత్తను ఎవరికి అప్పగించి వలస పోవాలో తెలియక ఆమె రోజుకొక సాకుతో ప్రయాణం వాయిదా వేస్తోంది. రెడ్డి గరిటె నిండా గంజి తీసి, ఆమె ముంతకు జానెడు ఎత్తున ఆపి, కెమెరా వైపు దయగా చూశాడు. గంజి ఆవిరి ఆరిపోయేదాకా అలాగే చూశాడు.

"ఏమే, నువ్వు కొంచెం ఆకలి మొగం పెట్టు" అన్నాడు.

"ఇంగేం మొగం పెట్టాల రెడ్డీ? రెండు దినాల నుంచి ఇదే పెట్టుకోనుండా" అంది ఉరుకుందమ్మ.

టిక్కుమంది. రెడ్డి గరిటెలోని గంజిని ముంతలో పోయకుండా తిరిగి గుండిగలో కుమ్మరించి, రెండో ఫోటోకు మళ్ళీ ఎత్తాడు. వరసలో వెనక ఉన్నవాళ్ళకు ముందేం జరుగుతోందో తెలియక, గంజి అయిపోయిందేమోనని ఒకటే గోల. మూడో ఫోటోకు ఫిల్ము జరపబోతే కెమెరా పక్కనున్న చెవి తిరగలేదు. బలంగా తిప్పితే అర చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. ఆముదమూ గంజి ఆవిరీ కలిసి లోపల పాకం పట్టాయి.

తాసిల్దారు వచ్చే వేళవుతోంది. కెమెరా వెనక మూత తెరిచి చుట్టను సరిచేయాలి. వెలుతురులో తెరిస్తే ఫిల్మంతా బూడిదే. ఆ మాట అంగడివాడు రెండుసార్లు చెప్పాడు. శేషిరెడ్డి కెమెరాను చంకన పెట్టుకొని, గరిటెను గుండిగలోనే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు. అప్పుడు గానీ వరస కదలలేదు.

చీకటి కోసం వెతికితే ఆ ఇంట్లో దొరకలేదు. మిద్దెకు గది గదికీ కప్పులో వెలుతురు గవాచి ఉంది. ఎండాకాలపు పొద్దు పైనుంచి గునపంలా దిగబడుతోంది. రెడ్డి చొక్కా విప్పేసి మంచం మీద పడుకొని, కెమెరాను పొట్టమీద పెట్టుకొని, మూడు నల్ల కంబళ్ళు ముసుగుదన్నాడు. రాళ్ళు పగిలే ఎండలో, మూడు కంబళ్ళ కింద, చెవి తిప్పడానికి గింజుకుంటుంటే మంచమంతా ఊగిపోతోంది.

గంజి తాగి అటే వచ్చిన ఉరుకుందమ్మ గడపలో నిలబడింది. "రెడ్డీ, రెండు మానికల జొన్నలు బదులియ్యి. అత్త కాడ పెట్టి పోతాం. పనికాడి నుంచి రాంగానే తీరుస్తాం."

"గింజ ల్యా... ఫో..." అని కంబళ్ళ కింద నుంచి వణుకుతున్న గొంతు వచ్చింది.

ఉరుకుందమ్మ కంగారుపడింది. "ఏం రెడ్డెమ్మా, ఇంత ఎండలో ఇట్ల వణుకుతాండాడు? చలిజరమే ఇది!"

మొగుడు మూడు కంబళ్ళ కింద దేనితో కుస్తీ పడుతున్నాడో చెప్పడం కంటే జ్వరమని ఒప్పుకోవడమే సుబ్బరత్నమ్మకు మర్యాదగా తోచింది. "అవునే. పొద్దున నుంచి ఒళ్ళు సరిగ్గా ల్యా" అంది.

ఉరుకుందమ్మ అటు పోగానే రెడ్డి కంబళ్ళు తన్నేసి లేచాడు. కంబళి నేత సందుల్లోంచి కూడా వెలుతురు దూరుతోంది. చెమట కాలువలుగా కారుతోంది. అప్పుడు ఆయనకు ఆలోచన వచ్చింది. ఆ ఊరు మొత్తం మీద చీమ కంటికి కూడా వెలుతురు తగలని చోటు ఒక్కటే ఉంది.

"పాతరలోకా? వద్దు. ఆ గాలి మంచిది కాదు" అంది సుబ్బరత్నమ్మ.

"బీడీ కాల్చేంతసేపు పని. నోరు మూసుకోని మూత లాగు" అన్నాడు రెడ్డి. చొప్ప మోపులు జరిపి, మూత తీసి, కొంతసేపు గాలి పోనిచ్చారు. తాడు కట్టి దీపం దించితే ఆరకుండా వెలిగింది. దీపాన్ని పైకి లాగేసి, తాడును కొట్టం గుంజకు కట్టి రెడ్డి కెమెరాతో దిగాడు. "నేను పిలిసిందాకా తెరవద్దు. తాసిల్దారే వచ్చినా తెరవద్దు" అని కింద నుంచి ఆజ్ఞాపించాడు. సుబ్బరత్నమ్మ బండ మూత జరిపి, సందుల్లో గోనెసంచులు కుక్కింది.

లోపల కాటుక చీకటి. తన జొన్నల మీద తాను కూర్చొని, గుప్పెడు తీసి వేళ్ళ సందుల నుంచి జారవిడిచి, శేషిరెడ్డి చాలా రోజుల తర్వాత సుఖంగా ఊపిరి పీల్చాడు. తర్వాత కెమెరా వెనక మూత తెరిచాడు. తెరవడమే ఆలస్యం, చుట్ట విడిపోయి ఫిల్ము ఒడినిండా పరుచుకుంది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. తాసిల్దారు చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. "రెడ్డిగారు ఉన్నారా అమ్మా?" అన్నాడు.

సుబ్బరత్నమ్మ కొట్టంలోంచి పరిగెత్తుకొచ్చింది. "ఊర్లో ల్యాడు సార్. మంత్రాలయం పోయినాడు."

"పొద్దున గంజి దగ్గర ఉన్నారని చావిడిలో చెప్పారే?"

అరుగు మీద ఇంకా ఆశ వదలకుండా కూర్చున్న ఉరుకుందమ్మకు ఈ అబద్ధం నచ్చలేదు. "మంత్రాలయమూ ల్యా, ఏమీ ల్యా సార్! చలిజరంతో లోపల పండుకోనుండాడు. ఇంతకుముందే నేను సూస్తి" అంది. అనడంతో ఆగకుండా లోపలికి పోయి చూసింది. మంచం ఖాళీగా ఉంది. కంబళ్ళు నేలమీద పడి ఉన్నాయి, చెమటకు తడిసి.

"జరమొచ్చిన మనిషి యాడికి పోయినాడు?" అని ఉరుకుందమ్మ గుండెలు బాదుకుంది. సుబ్బరత్నమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముఖం చూసి తాసిల్దారు కూడా కంగారుపడ్డాడు. "వెతకండయ్యా" అన్నాడు. చావిడి నుంచి జీపు వెనకే వచ్చిన గిడ్డయ్య వెతుక్కుంటూ కొట్టంలోకి వెళ్ళాడు. చొప్ప మోపులు జరిగి ఉన్నాయి. గుంజకు కట్టిన తాడు నేలలోకి దిగిపోయింది. నేల కింద నుంచి, "రాయే... దొంగదానా... సుట్టుకో..." అని ఎవరో మూలుగుతున్నారు.

రెడ్డి తిడుతున్నది ఫిల్మును. గిడ్డయ్యకు ఆ సంగతి తెలియదు. వాడు ఒక్క గంతులో వీధిలోకి వచ్చి, "రెడ్డి పాతరలో సిక్కినాడప్పో! జరం మీద దిగి సిక్కినాడప్పో!" అని కేక పెట్టాడు.

ఆ సీమలో ఆ కేకకు అర్థం అందరికీ తెలుసు. మూసిన పాతరలో గాలి చచ్చిపోతుంది; దిగినవాడు మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒరిగిపోతాడు. అటువంటి కేక వినబడితే పగవాడైనా పరిగెత్తాలి. చావిడి దగ్గర గంజి వరస మొత్తం తెగి, ముంతలతో, చెంబులతో, బొచ్చెలతో ఉన్నపళంగా కొట్టంలోకి వచ్చిపడింది. ఉదయం తమ గంజిని తిరిగి గుండిగలో పోసినవాడి కోసమే పరిగెత్తుతున్నామని ఒక్కరికీ గుర్తు లేదు. ఆ మాట చెప్పి తీరాలి.

పదిమంది కలిసి బండ లాగేశారు. ఎండ కంబంలా లోపలికి దిగింది.

"మూయండి! వెలుతురు! మూయండిరా!" అని రెడ్డి లోపల నుంచి గావుకేక వేశాడు.

"గాలి తలకెక్కినాది. పాతర గాలి తగిలినోడు ఎలుగు సూడల్యాడంట" అని ఉరుకుందమ్మ తేల్చిచెప్పింది.

లోపల శేషిరెడ్డి ఒడిలో ఫిల్ము బట్టబయలుగా పడి ఉంది. దాచడానికి జొన్నలు తప్ప మరేమీ లేవు. కెమెరానూ ఫిల్మునూ పట్టంచు పంచెలో చుట్టి, రెండు చేతులతో జొన్నల్లోకి దూర్చాడు. పైన వెలుతురు ఇంకా పెరుగుతుండడంతో వాటిని కడుపు కింద పెట్టుకొని తానూ గింజల్లోకి తొలుచుకుంటూ దిగాడు. మొదట నడుము దాకా, తర్వాత చంకల దాకా, చివరికి గడ్డం దాకా మునిగాడు. గింజల అడుగున వేళ్ళు మాత్రం ఫిల్మును చుడుతూనే ఉన్నాయి.

పైనుంచి చూసేవాళ్ళకు కనిపించింది వేరు.

"మునిగిపోతాండాడు! జొన్నలు మింగేస్తాండాయి ఆయప్పను!" అని గిడ్డయ్య అరిచాడు. "గింజలు తీయండి!"

"ముట్టొద్దు! నేను బాగుండా! గింజలు ముట్టొద్దురా!"

"సూడు, పాణం పోయేటప్పుడు గూడా గింజలే తలుస్తాండాడు" అని ఒక ముసలామె కళ్ళొత్తుకుంది.

గిడ్డయ్యతోపాటు ఇద్దరు బలమైనవాళ్ళు ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని దిగారు. కింద నుంచి ముంతలు నిండి పైకి వస్తున్నాయి, పైనుంచి ఖాళీవి దిగుతున్నాయి. మొదట జొన్నలను కొట్టంలోనే పోశారు. ఎడ్లు తాళ్ళు తెంచుకోబోయాయి. కుప్ప పెరిగి నిలబడే చోటు లేకుండా పోయింది.

"ఈడ పోస్తే కాలు పెట్టే జాగా ల్యా! మీ మీ ఇండ్లల్లో పోసి బిరబిరా మళ్ళా రాండి! మనిషి పాణం పోతాంది!" అని ఉరుకుందమ్మ ఆజ్ఞ ఇచ్చింది. ప్రాణం మీద అంత శ్రద్ధ ఉన్న జనాన్ని ఆ ఊరు అంతకుముందు చూడలేదు. మొదటి ముంత ఆమే తీసుకుపోయింది, రెండోసారి ముంత వదిలేసి గంపతో వచ్చింది.

ఈ గోలను ఆపగలిగిన మనిషి ఒక్కతే, సుబ్బరత్నమ్మ. ఆయన మునగడం లేదు, ఫోటో పని చేసుకుంటున్నాడని ఒక్క మాట చెప్తే చాలు. ఆమె నోరు తెరిచింది. తెరిచిన నోటితో, తలుపులోంచి కనబడే గోడ వైపు, మేకుకు వేలాడుతున్న గొడుగు చువ్వల వైపు చూసింది. నోరు మూసుకొని లోపలికి వెళ్ళి, ఇంట్లో ఉన్న గంపలన్నీ తెచ్చి కొట్టంలో పడేసింది. "ముంతలతో ఎప్పుడు అయితాది? ఇవి తీసుకోండి" అంది.

రెడ్డి చుట్టూ జొన్నలు తగ్గేకొద్దీ ఆయన ఇంకా లోతుకు తొలుచుకుపోయాడు. ఆయన లోతుకు పోయేకొద్దీ జనం ఇంకా వేగంగా తోడారు. చివరకు ఫిల్ము చుట్టుకుంది, వెనక మూత పడింది. కానీ గొళ్ళెం నిలవలేదు. ఆయన పట్టంచు పంచెను పీలికలుగా చించి కెమెరా చుట్టూ బిగించి కట్టాడు. అప్పుడు గానీ పైకి లాగనివ్వలేదు. లాగితే, లోపలి డ్రాయరు తప్ప మరేమీ లేకుండా, నెత్తి నుంచి పాదాల దాకా తెల్లటి జొన్న దుమ్ముతో, చంటిబిడ్డలా కెమెరాను రొమ్ముకు హత్తుకొని శేషిరెడ్డి పైకి వచ్చాడు. ఎవరో జాలిపడి ఒక గోనెసంచి కప్పారు.

ఎదురుగా తాసిల్దారు.

"రెడ్డిగారూ," అన్నాడు తాసిల్దారు పాతర వైపు చూస్తూ, "మీ పాతర చావిడి దగ్గర కదూ ఉండేది? ఎలుక పడితే ఆకలికి చస్తుందన్నారు?"

గంపలు నెత్తిమీద పెట్టుకున్నవాళ్ళు గడపలోనే ఆగిపోయారు. శేషిరెడ్డి లెక్క వేశాడు. ఔనంటే దాచినవాడు, కాదంటే అబద్ధికుడు. ఈ తాసిల్దారు ఒక్క మాట అంటే అది రేపటికి కర్నూలు గుడారాల్లో ఉంటుంది; టికెట్ మాట దేవుడెరుగు, తల ఎత్తుకొని తిరగడమే కష్టం. జొన్నలా, టికెట్టా? ఆయన మూడొంతులు ఖాళీ అయిన పాతర వైపు చూశాడు, గంపల వైపు చూశాడు. పోయినవి ఎటూ తిరిగిరావని తెలిశాక ఆయన నోట్లోంచి మాట ఊడిపడింది.

"గుప్తదానం సార్."

తాసిల్దారు చాలామంది రెడ్లను చూసినవాడు. ఆయన నవ్వు ఆపుకోవడానికి కాస్త సమయం తీసుకున్నాడు. "ఎంత గొప్ప మనసండీ! జ్వరంతో ఉండి, స్వయంగా పాతరలోకి దిగి, ఒంటిమీద పంచె కూడా చూసుకోకుండా! మరి ఆపారేం? కానివ్వండి. ఇటువంటిది రోజూ చూడం. చివరి గింజ దాకా చూసే పోతాను" అని మంచం తెప్పించుకొని కూర్చున్నాడు.

ఆయన నిజంగానే చివరి గింజ దాకా కూర్చున్నాడు. ఇప్పుడు తొందర లేదు గనుక మానికతో కొలిచి పోశారు. కొలిచింది శేషిరెడ్డే, దాత చేతులమీదుగా జరగాలని తాసిల్దారు పట్టుపట్టాడు. పొద్దున ఎంత సాధన చేసినా రాని దయ ఇప్పుడు ఆయన ముఖంలో పుష్కలంగా కనిపించింది. అది నిజానికి ఏడుపు. ఉరుకుందమ్మ కొంగు పట్టి, "పొద్దున కంబడి కింద నుంచి గింజ ల్యాదంటే నమ్మితి రెడ్డీ. ఇట్ల గుప్తంగా ఇస్తావని నాకేం తెల్సు?" అంది. ఆమె మొగుడు ఆ సాయంత్రం మూట విప్పేశాడు. మూటలు విప్పినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.

"ఇంత మంచి పనికి ఫోటో ఉండాలండీ. ఆ చేతిలోది కెమెరాయేనా?" అన్నాడు తాసిల్దారు.

పీలికలు కట్టిన కెమెరాతో గిడ్డయ్య ఎదురుగా నిలబడ్డాడు. రెడ్డి మీసం దువ్వలేదు, చెయ్యి దించలేదు. అయినా వాడు నొక్కాడు.

ఆదోనిలో ఫిల్ము కడిగిస్తే గరిటె ఫోటోలు రెండూ మసిబొగ్గుల్లా వచ్చాయి; పాతర మూత తీసినప్పుడు పడిన వెలుతురు వాటిని తినేసింది. జొన్నల అడుగున చీకట్లో ఉండిపోయిన కొస మీద పడ్డ చివరి ఫోటో మాత్రం అద్భుతంగా వచ్చింది. ఖాళీ పాతర పక్కన, గోనెసంచి కప్పుకొని, ఒళ్ళంతా దుమ్ముతో, చేతిలో మానికతో, కళ్ళలో నీళ్ళతో శేషిరెడ్డి. చుట్టూ గంపలు ఎత్తుకున్న ఊరు. కన్నీటి చుక్క కూడా స్పష్టంగా పడింది. ఆముదం గొప్పతనమని రెడ్డి అన్నాడు.

జొన్నలు పోయినా టికెట్ దక్కుతుందన్న ధైర్యంతో, ఆ ఫోటోకు అద్దం కట్టించి ఆయన కర్నూలు వెళ్ళాడు. గుడారంలో పార్టీ పెద్దాయన దానిని అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశాడు. పక్కవాళ్ళను పిలిచి చూపించాడు. కళ్ళకు అద్దుకున్నాడు. రెడ్డి లోపల లోపల ఉబ్బిపోతూ నిలబడ్డాడు.

"పాతర మొత్తం ఇచ్చేస్తివా?" అన్నాడు పెద్దాయన.

"మొత్తం."

"కట్టుకున్న పంచె గూడా?"

"ఆ... అదీ పోయె."

"నువ్వు మనిషివి కాదప్పా, దేవుడివి" అని పెద్దాయన చేతులు జోడించాడు. తర్వాత ఫోటోను జాగ్రత్తగా రెడ్డి చేతిలో తిరిగి పెట్టాడు. "ఇంట్లో గింజ నిలుపుకోలేనోడు, ఒంటిమీద గుడ్డ నిలుపుకోలేనోడు, రేపు పార్టీకేం నిలబెడతాడు? దేవునికి యాడన్నా టికెట్ ఇస్తారా రెడ్డీ? గుడి కడతారు గానీ."

ఆ టికెట్ తన పాతర మూత ఎవరి కోసమూ తెరవని పక్క ఊరి పెద్దమనిషికి వెళ్ళింది.

గుడి కూడా ఎవరూ కట్టలేదు.